నెమ్ము దారి తెలిస్తేనే పాత ఇంటి విలువ తెలుస్తుంది

గోదావరి డెల్టాలో పాత పెంకుటిల్లో, మండువా లోగిలో కొనాలనుకునేవాళ్ళు చాలామంది దాన్ని మొదటిసారి వేసవిలోనే చూస్తారు. పిల్లలకు సెలవులు, ఊళ్ళో పెళ్ళిళ్ళు, హైదరాబాదు నుంచో విదేశాల నుంచో వచ్చినవాళ్ళకు కాస్త తీరిక. సరిగ్గా ఆ రోజుల్లోనే కాలువలు కట్టేసి ఉంటాయి. నూతిలో నీళ్ళు అడుగంటుతాయి. ఏడాది మొత్తంలో గోడలు ఇంత పొడిగా ఇంకెప్పుడూ ఉండవు. పైగా అమ్మేవాళ్ళు ఒక పూత వెల్ల వేయించి ఉంటే ఇల్లు కళకళలాడిపోతుంది. అదే ఇంటికి భాద్రపదంలో వెళ్తే నడుం ఎత్తు వరకు గోడ నల్లబడి, గార పెచ్చులు ఊడి, గదిలో అడుగుపెట్టగానే ముక్కుకు బూజు వాసన తగలవచ్చు.

పాత ఇంటి బేరం ఎక్కువగా కర్రను చూసి సాగుతుంది. టేకు స్తంభాలు, చెక్కడపు ద్వారబంధాలు, దూలాల లావు, ఇవే మాటల్లోకి వస్తాయి. కానీ ఆ కర్ర ఇంకో ముప్పై ఏళ్ళు నిలుస్తుందా, మూడేళ్ళలో కూలుతుందా అన్నది తేల్చేది నీరు. చెమ్మ, చెద, పుచ్చు అని మనం విడివిడిగా పేర్లు పెట్టుకుంటాం గానీ, పాత ఇంట్లో ఇవి దాదాపు ఎప్పుడూ ఒకే జబ్బుకు మూడు లక్షణాలు. కర్రలో తేమ ఇరవై శాతం లోపు ఉన్నంతకాలం దాన్ని కుళ్ళబెట్టే శిలీంధ్రం పెరగలేదు. నేలలోంచి వచ్చే చెదకూ తేమ కావాలి. కాబట్టి కొనేముందు వేయాల్సిన మొదటి ప్రశ్న కర్ర ఎంత పాతది అని కాదు, ఈ ఇంట్లోకి నీళ్ళు ఎక్కడి నుంచి వస్తున్నాయి, ఎటు పోతున్నాయి అని.

ఆ ప్రశ్నకు జవాబు దొరకాలంటే అసలు ఈ ఇళ్ళు నెమ్మును, అంటే గోడల్లోకి చేరే చెమ్మను, ఎలా తట్టుకున్నాయో తెలియాలి. పాత గోడలు అడుగున్నర, రెండడుగుల మందంలో, ఇటుకను మట్టితోనో సున్నంతోనో పేర్చి కట్టినవి. పైన గానుగ సున్నపు గార. సున్నం గట్టిపడేది గాలిలోని కార్బన్ డయాక్సైడును పీల్చుకుని. గట్టిపడ్డాక కూడా దానిలో సన్నటి రంధ్రాలు ఉంటాయి, వాటిగుండా ఆవిరి వచ్చిపోతుంది. పునాదిలో నేటి ఇళ్ళలా తేమను ఆపే పొర ఏదీ లేదు. నేలలోని తడి ఇటుకలోకి పాకేది, గోడ దాన్ని లోపలికీ బయటికీ ఆవిరిగా వదిలేసేది. నీళ్ళు రాకుండా అడ్డుకోవడం ఆ ఇంటి పద్ధతి కాదు, వచ్చినదాన్ని వచ్చినట్టే ఆరబెట్టడం దాని పద్ధతి. ఎత్తయిన అరుగులు, ఇంటి నడుమ ఆకాశానికి తెరిచి ఉండే మండువాలోంచి పైకి లేచే గాలి, గోడకు దూరంగా నీళ్ళను జారవిడిచే పొడవాటి చూరు, అన్నీ ఆ ఆరబెట్టే పనికి సాయపడినవే.

పైకప్పుకూ ఇలాంటి లెక్కే ఉండేది. కుమ్మరి గూన పెంకు అయినా, తర్వాత వచ్చిన బంగాళా పెంకు అయినా, వాన చుక్క పడకుండా వందేళ్ళు ఉంటుందని ఎవరూ అనుకోలేదు. ఏటా తొలకరికి ముందు మనిషిని పైకెక్కించి పగిలిన పెంకులు మార్చి, జారినవి సర్ది నేయించేవాళ్ళు. వంటింట్లో కట్టెల పొయ్యి పొగ వాసాలను ఆరబెట్టేది, పొగ చూరిన వాసానికి పురుగు బెడద తక్కువ. అంటే ఇల్లు నిలిచింది కట్టడపు బలం ఒక్కదానితోనే కాదు, అందులో మనుషులు ఉండి ఏటా చేసిన చిన్న చిన్న పనులతో కూడా. పదేళ్ళు తాళం వేసి ఉంచిన మండువా ఇల్లు, అంతే వయసుండి మనుషులు కాపురం ఉంటున్న ఇంటికన్నా అధ్వానంగా ఉండడానికి కారణం ఇదే.

డెల్టా నేల సంగతి కూడా చెప్పుకోవాలి. 1847లో మొదలై 1852లో పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్టతో కాలువలు వచ్చాయి, వరి వచ్చింది, ఈ పెద్ద ఇళ్ళు కట్టుకునే స్తోమతూ వచ్చింది. ఇళ్ళను కట్టించిన నీళ్ళే ఇళ్ళ కిందికీ చేరాయి. కాలువ పారుతున్నన్నాళ్ళూ నేలలో నీటి మట్టం పైనే ఉంటుంది. నల్లరేగడి నేల తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే బీటలు తీస్తుంది, దాంతో గోడల్లోనూ పగుళ్ళు వస్తాయి. అవి వానల్లోకి మళ్ళీ కొంచెం మూసుకుంటాయి. ఇవన్నీ తెలిసే పాతవాళ్ళు పునాదిని ఎత్తుగా లేపారు.

ఆ ఎత్తు ఇప్పుడు లేదు. ఏ పాత ఇంటి ముందైనా నిలబడి అరుగు మెట్లు లెక్కపెడితే సంగతి తెలిసిపోతుంది. కట్టినప్పుడు నాలుగైదు మెట్లు ఉన్న చోట ఇప్పుడు ఒకటో రెండో మిగిలాయి. కంకర రోడ్డు మీద తారు, తారు మీద సిమెంటు రోడ్డు వేసుకుంటూ పోవడంతో వీధి పైకి లేచింది, ఇల్లు ఉన్నచోటే ఉండిపోయింది. కొన్నిచోట్ల వీధి మట్టం ఇంటి గచ్చును దాటేసింది. అప్పుడు వానకు వీధి నీళ్ళు అరుగును నానబెడతాయి, మండువా నీళ్ళను బయటికి తీసుకుపోవాల్సిన తూము ఎదురు తన్నుతుంది. పాత ఇంట్లో ఎంత డబ్బు పెట్టినా ఒక్క కొనుగోలుదారు వల్ల మారని విషయం ఇది. రోడ్డును ఎవరూ తవ్వి దించలేరు. అందుకే గోడకన్నా ముందు, గడపకన్నా ముందు చూడాల్సింది వీధి మట్టం, మండువా తూము. రెండు బకెట్ల నీళ్ళు మండువాలో కుమ్మరించి ఎంతసేపట్లో, ఎటు పోతున్నాయో చూస్తే చాలు. నీళ్ళు పోయే దారి లేని ఇల్లు ఎంత అందంగా ఉన్నా వదులుకోవడమే మంచిది.

రెండో ముప్పు సిమెంటుతో వచ్చింది. సున్నపు గార పెచ్చులూడినప్పుడల్లా దాని చోట సిమెంటు ప్లాస్టరింగ్ చేయించడం ఊరూరా అలవాటైపోయింది. సున్నం గానుగలు మూతపడ్డాయి, ఆ పని తెలిసిన మేస్త్రులు తగ్గిపోయారు, సిమెంటు ఏ కొట్లో అయినా దొరుకుతుంది. చేయించినవాళ్ళను తప్పుపట్టలేం. కానీ సిమెంటు పొర ఆవిరిని సున్నంలా బయటికి వదలదు. గోడలోకి తడి పాకుతూనే ఉంటుంది, బయటికి పోయే దారి మూసుకుపోతుంది, దాంతో అది ఇంకా పైకి, సిమెంటు లేని చోటు దాకా ఎక్కుతుంది. మూడడుగుల దగ్గర ఆగే చెమ్మ ఐదడుగులకు చేరుతుంది. మెత్తటి పాత ఇటుక ఆ సిమెంటు వెనకాలే పొడిపొడిగా రాలిపోతుంటుంది, పైకి మాత్రం గోడ నున్నగానే ఉంటుంది.

నేల మీద మెరిసే టైల్సు వేసినా ఇదే జరుగుతుంది. గచ్చులోంచి ఆవిరయ్యే తడి టైల్సు కింద ఆగి, పక్కకు జరిగి గోడ మొదట్లోకి వెళ్తుంది. గోడకు పుట్టీ పెట్టి ప్లాస్టిక్ ఎమల్షన్ వేస్తే కొన్నాళ్ళకు రంగు బుడగలు కడుతుంది. కోతుల బెడద భరించలేక మండువా మీద ఫైబర్ రేకులు కప్పుకుంటే గాలి ఆడక లోపలి తేమ లోపలే ఉండిపోతుంది. కోతుల ఇబ్బందీ నిజమే. ఇనుప వల వేసుకుంటే కోతులూ రావు, గాలీ ఆడుతుంది. వీటన్నిటికన్నా ఎక్కువ చేటు చేసేది పడకగదిని ఆనుకుని కొత్తగా కట్టిన అటాచ్డ్ బాత్రూం. మట్టితో పేర్చిన గోడలోంచి పైపులు పోనిచ్చి, పక్కనే ఇంకుడు గొయ్యి తీయిస్తే ఆ గోడ ఇక ఆరదు.

గోడను చదవడం వస్తే సగం పని అయినట్టే. మరక ఎంత ఎత్తులో ఉందో అదే కారణం చెబుతుంది. నేల నుంచి మొదలై మూడడుగుల లోపల, గోడ పొడవునా దాదాపు ఒకే ఎత్తులో ఆగిన మరక నేలలోంచి పాకిన నెమ్ము. దాని పై అంచున తెల్లటి ఉప్పు పేరుకుని ఉంటుంది. నీళ్ళు ఆవిరైపోతే వాటిలోని లవణాలు అక్కడే స్ఫటికాలుగా మారి గారను వెనకనుంచి తోసేస్తాయి, పెచ్చులూడటం అంటే ఇదే. గోడ నడుమ ఒక్కచోటే గుండ్రంగా మరక ఉంటే బయట పైపో, ఏసీ నీళ్ళ గొట్టమో, గార పగులో ఉండాలి. పైనుంచి కిందికి చారలుగా దిగితే పైకప్పు కారుతున్నట్టు. రెండు పెంకు వాలులు కలిసే మూలల్లో, మండువా నాలుగు మూలల్లో ఇది మరీ ఎక్కువ, ఎందుకంటే వాన నీరంతా అక్కడికే ఉరుకుతుంది. గాలి ఆడని గదిలో బీరువా వెనక నల్లటి బూజు ఉంటే అది గదిలోని ఆవిరే చల్లటి గోడ మీద చెమర్చినది కావచ్చు, దానికి కిటికీ తెరిస్తే చాలు.

అనుమానం ఉన్నచోట ఒక చిన్న పరీక్ష పనికొస్తుంది. అడుగు చదరం పాలిథీన్ కాగితాన్ని నాలుగు వైపులా గాలి చొరకుండా గోడకు అంటించి రెండు రోజులు వదిలేయాలి. కాగితం లోపలి వైపు, అంటే గోడ వైపు, నీటి బిందువులు పడితే తడి గోడలోంచి వస్తోంది. గది వైపు పడితే గాలిలోది. తేమ కొలిచే మీటర్లు ఇప్పుడు ఆన్‌లైన్‌లో దొరుకుతున్నాయి గానీ వాటిని గోడ మీద గుడ్డిగా నమ్మకూడదు. అవి కొలిచేది విద్యుత్తు ఎంత తేలిగ్గా పారుతోందో. ఉప్పు పట్టిన గోడ పొడిగా ఉన్నా మీటరు ఎక్కువ చూపిస్తుంది. కర్ర మీదైతే ఆ మీటరు మాట చాలావరకు నమ్మవచ్చు.

ఉప్పు విషయంలో ఇంకొకటి. సముద్రానికి దగ్గరున్న ఊళ్ళలోనూ, గోడ పక్కన పశువుల కొట్టమో మరుగుదొడ్డో ఉన్న ఇళ్ళలోనూ గోడలో చేరిన లవణాలు గాలిలోని తేమను కూడా పీల్చుకుంటాయి. కారణం సరిచేశాక కూడా ముసురు పట్టిన రోజున ఆ గోడ చెమ్మగిల్లుతుంది. మళ్ళీ నీళ్ళు వచ్చాయేమోనని టెన్షన్ పడనక్కర్లేదు, ఉప్పు పట్టిన గార తీసేస్తే తగ్గుతుంది.

పెరట్లో నుయ్యి ఉంటే తొంగి చూడాలి. వరలకు అంటిన నాచు గీత వానాకాలంలో నీళ్ళు ఎంత పైకి వస్తాయో చూపిస్తుంది. ఇరుగుపొరుగు పెద్దవాళ్ళను అడిగితే ఇంకా తెలుస్తుంది. ‘1986 వరదప్పుడు ఈ వీధిలోకి నీళ్ళు వచ్చాయా, ఎన్ని రోజులు నిలిచాయి’ అని అడిగితే గోదావరి జిల్లాల్లో ఆ తరంవాళ్ళు గోడ మీద ఎత్తు చూపించి మరీ చెప్తారు. మట్టితో పేర్చిన గోడ వారం రోజులు నీళ్ళలో నానిందా లేదా అన్నది ఏ కాగితంలోనూ ఉండదు.

ఇక కర్ర. టేకు చెడదు అనే నమ్మకం సగమే నిజం. టేకులో చెడనిది చేవ, అంటే మాను లోపలి ముదురు భాగం. చేవలోని నూనెలు, టెక్టోక్వినోన్ అనే పదార్థం పురుగును దగ్గరికి రానివ్వవు. చేవ చుట్టూ ఉండే తెల్లటి పొరకు ఆ శక్తి లేదు, అది మామూలు చెక్కలాగే పుచ్చుతుంది. దూలం అంచుల్లో అరంగుళం మేర పుచ్చి లోపల చేవ రాయిలా ఉంటే కంగారుపడక్కర్లేదు. తాటి దూలానిది దీనికి పూర్తిగా ఎదురు. తాటిమానులో బయటి భాగమే గట్టి, లోపల మెత్తటి గుజ్జు. బాగా ముదిరిన చెట్టు బయటి భాగాన్ని చీల్చి వాడితే తాటి వాసం తరాలు నిలుస్తుంది. ముదరని చెట్టు కర్ర అయితే లోపల డొల్లయ్యాక కూడా పైన నల్లగా నిగనిగలాడుతూ మోసం చేస్తుంది. ముందు భాగమంతా టేకు, వెనక గదులు, వంటిల్లు తాటి కర్రతో కట్టిన ఇళ్ళు ఎన్నో. హాలు చూసి ధర ఒప్పుకునేవాళ్ళు వెనక గదుల వాసాలను కూడా ఒకసారి వేళ్ళతో తట్టి చూడాలి. గట్టి కర్ర ఖంగుమంటుంది, డొల్ల బొదబొదమంటుంది.

దూలం మధ్యలో వంగితే అందరికీ కనిపిస్తుంది. కానీ దూలం చెడేది మధ్యలో కాదు, గోడలో దిగిన కొసల దగ్గర. అక్కడ గాలి తగలదు, తడి గోడ నుంచి నీరు నేరుగా కర్ర నారల్లోకి ఎక్కుతుంది. డాబా ఇళ్ళలో, అంటే టేకు దూలాల మీద పలచటి ఇటుకలను నిలువుగా సున్నంలో పేర్చి పైన డంగు సున్నం వేసిన మద్రాసు టెర్రస్‌లలో, ఇది మరీ ప్రమాదం. ఆ కప్పు బరువంతా దూలాల కొసల మీదే ఉంటుంది, కింది నుంచి చూస్తే అంతా బాగున్నట్టే ఉంటుంది. గోడలో కలిసే చోట సన్నటి స్క్రూడ్రైవరుతో పొడిచి చూడాలి. మంచి కర్రలో మొన దిగదు. కుళ్ళిన చోట రొట్టెలో దిగినట్టు దిగిపోతుంది. వంగిన దూలం వయసుతో వంగి ఉండవచ్చు, దానికి ఊతం ఇవ్వవచ్చు. కొస కుళ్ళిన దూలం మాత్రం చెప్పకుండా పడుతుంది. జిప్సం ఫాల్స్ సీలింగ్ వేసి ఉన్న పాత ఇంట్లో దాన్ని రెండు మూలల్లోనైనా విప్పి చూపించమని అడగాలి. అమ్మేవాళ్ళు ఒప్పుకోకపోతే ఆ గది దూలాలన్నీ పోయినట్టే లెక్కవేసి ధర మాట్లాడాలి.

ద్వారబంధాల పాదాలు ఇంకో ముఖ్యమైన చోటు. గడపకు పసుపు, నిలువు కమ్ములకు ఎనామిల్ రంగు తళతళలాడుతూ ఉంటాయి. నేలకు తగిలే చివరి నాలుగంగుళాల్లో బొటనవేలితో గట్టిగా నొక్కితే రంగు పొర కింద ఖాళీ తెలుస్తుంది. చెద తినేసిన కర్రకు చాలాసార్లు మిగిలేది రంగే.

నేల చెద మామూలుగా మట్టితో సంబంధం తెంచుకోదు. గోడ మీద, స్తంభం మూలల్లో పెన్సిలు మందంలో పాకే మట్టి గొట్టం దాని రాకపోకల దారి. ఆ గొట్టంలో ఒక అంగుళం తుంచి, నాలుగైదు రోజుల తర్వాత మళ్ళీ వచ్చి చూడాలి. మరమ్మతు అయి ఉంటే చెద బతికే ఉంది. టేకు స్తంభం మీద గొట్టం కనిపించి స్తంభానికి ఏమీ కాకపోతే సంతోషించకూడదు. చెద ఆ చేవను తినలేక, దాని మీదుగా పైనున్న తాటి వాసాలకో, పెంకుల కింది సన్నటి రీపర్లకో దారి వేసుకుంది. పుచ్చు పురుగు వేరు. దానికి మట్టి అక్కర్లేదు, చెక్క మీద గుండుసూది రంధ్రాలు, కింద ముఖానికి రాసుకునే పౌడరంత మెత్తటి పిండి కనిపిస్తాయి. పాత రంధ్రాలు భయపడాల్సినవి కావు. తుడిచిన చోట వారంలో మళ్ళీ పిండి రాలితేనే లోపల పురుగు ఉన్నట్టు.

ఇవన్నీ ఒక్కరే తేల్చుకోలేరు. పాత కప్పులు నేసిన వడ్రంగిని, సున్నపు పని తెలిసిన పెద్ద మేస్త్రిని ఒక పూట వెంట తీసుకెళ్ళి వాళ్ళ కూలి ఇస్తే లక్షలు మిగులుతాయి. బ్యాంకు వాల్యుయర్ రిపోర్టు ఈ పనికి రాదు, ఆయన చూసేది స్థలం, కొలతలు, కట్టడం వయసు. ధరను మూడు ముక్కలుగా విడగొట్టుకోవాలి: స్థలం విలువ, ఇంకా మంచిగా ఉన్న కర్ర విలువ, వాటిలోంచి తీసేయాల్సిన మరమ్మతు ఖర్చు. పాత ఇళ్ళు విప్పి కలప అమ్మే వ్యాపారులు డెల్టా అంతటా ఉన్నారు. వాళ్ళలో ఒకరు కర్రకు ఎంత ఇస్తారో ముందే తెలుసుకుంటే అమ్మేవాళ్ళు చెప్పే టేకు లెక్కకు ఒక హద్దు దొరుకుతుంది.

చట్టం కొంతవరకే తోడొస్తుంది. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 55వ సెక్షన్ ప్రకారం, తనకు తెలిసి, కొనేవాళ్ళకు తెలియని, మామూలు జాగ్రత్తతో చూసినా బయటపడని ముఖ్యమైన లోపాన్ని అమ్మేవాళ్ళు చెప్పాలి. ఇందులో బరువంతా ‘మామూలు జాగ్రత్త’ అన్న మాట మీద ఉంది. కంటికి కనిపించే చెమ్మ గురించి తర్వాత గొడవపడి లాభం లేదు. చెదకు మందు ఎప్పుడు కొట్టించారు, కప్పు ఎక్కడ కారుతుంది, ఏ గోడకు సిమెంటు వేయించారు అనేవి అగ్రిమెంటులో రాయించుకోవడం మంచిది. ఇక అది గ్రామకంఠం స్థలమా, అంటే ఊరి నివాసాలకు వదిలిన భూమా, వాటాదారులందరూ సంతకం పెడతారా అన్నవి ఎలాగూ చూసుకునేవే.

కొన్నాక చేసే పనుల్లో వరస తప్పితే డబ్బంతా వృథా. చాలామంది చెదల మందుతో మొదలుపెట్టి రంగుతో ముగిస్తారు. మొదట చేయాల్సింది నీళ్ళను తప్పించడం: పెంకు నేయించడం, మూలల్లో రేకు మార్చడం, తూము బాగుచేయడం, గోడ చుట్టూ పేరుకున్న మట్టిని తవ్వి గచ్చు మట్టానికన్నా దించడం, గోడను ఆనుకున్న పైపులను తప్పించడం. రెండోది గోడకు ఊపిరి ఇవ్వడం, అంటే నెమ్ము ఎక్కినంత మేర, దానికి ఇంకో అడుగు పైదాకా సిమెంటు గార కొట్టేయడం. గోడకు రంధ్రాలు పెట్టి రసాయనం ఎక్కించి చెమ్మను ఆపుతామనే కంపెనీలు వస్తాయి. మట్టితో పేర్చిన రెండడుగుల గోడలో ఆ మందు అన్ని చోట్లకూ సమంగా చేరడం కష్టం, ముందే దానికి ఖర్చు పెట్టడం తొందరపాటు.

చెదల మందు మూడో పని. కట్టిన ఇళ్ళకు మందు వేసే పద్ధతిని భారతీయ ప్రమాణం ఐఎస్ 6313 మూడో భాగం వివరిస్తుంది. గోడా నేలా కలిసే చోట అడుగుకొకటి చొప్పున రంధ్రాలు పెట్టి మందు ఎక్కిస్తారు. పెరటి నూతి నీళ్ళు వాడే ఇంట్లో నుయ్యి దగ్గర ఈ మందు పోయించకూడదు. పుచ్చు పురుగుకు బోరాక్స్, బోరిక్ ఆమ్లం కలిపిన ద్రావణం పనిచేస్తుంది, అయితే రంగు గీకేసి నేరుగా చెక్కకే పట్టించాలి. కొస కుళ్ళిన దూలాన్ని మొత్తం తీసేయనక్కర్లేదు. మంచి కర్ర దాకా కోసి, కొత్త టేకు ముక్క అతికి, రెండు పక్కలా ఇనుప పట్టీలు బోల్టులతో బిగిస్తే సరిపోతుంది. గోడలో దూర్చేటప్పుడు కొస చుట్టూ సిమెంటు నింపకుండా గాలికి కాస్త సందు వదలాలి.

చివరికి మిగిలేది గార, అందుకు ఆగడం చాలా అవసరం. గార కొట్టేసిన గోడను ఒక వానాకాలం అలా ఇటుక కనపడేలాగే వదిలేయాలి. చూడ్డానికి బాగోదు, వచ్చినవాళ్ళు అడుగుతారు. అయినా కాలువలు వదిలాక, వానలు ముదిరాక, తడి ఎంత ఎత్తుకు ఎక్కిందో అక్కడ పెన్సిలుతో గీత గీసి తేదీ వేయాలి. నెలకొకసారి చూస్తూ ఉండాలి. గీత కిందికి దిగుతూ ఉంటే గానుగ సున్నం తెప్పించి గార మొదలుపెట్టవచ్చు. పైకి ఎక్కుతూ ఉంటే నీళ్ళు ఇంకా ఎక్కడినుంచో వస్తున్నాయి. అప్పుడు మేస్త్రిని ఆపి మళ్ళీ తూము దగ్గరికే వెళ్ళాలి.